పాతర, గాదె, గరిసె: తెలుగు నేలపై ఇంటి నిల్వలు, కరువు చరిత్ర

కరువు చరిత్రను సాధారణంగా రెండు లెక్కలతో రాస్తారు. ఎంత వాన తగ్గిందన్నది ఒకటి, ఎంతమంది చనిపోయారన్నది రెండోది. ఈ రెండింటి నడుమ మూడో లెక్క ఒకటుంది. వాన తప్పిన నాటి నుంచి పొయ్యి ఆరిపోయే నాటి వరకు ఒక ఇల్లు ఎన్ని నెలలు నిలవగలిగిందన్నదే ఆ లెక్క. దానికి జవాబు ఇంటి నిల్వలో దొరుకుతుంది. తెలుగు నేలపై ఆ నిల్వకు పాతర, గాదె, గరిసె, పురి, గుమ్మి వంటి పేర్లున్నాయి. ఈ పేర్లను, వాటి వెనుక ఉన్న పనితీరును, కావ్యాల్లోనూ వాడుకలోనూ మిగిలిన జాడలను 19, 20 శతాబ్దాల కరువు చరిత్రతో కలిపి చదవడం ఈ వ్యాస లక్ష్యం. ఇంటి నిల్వ ఆపత్కాలంలో రక్షణ అన్నది నిస్సందేహం. అయితే అది నిల్వ ఉన్న ఇంటికే రక్షణ. నిల్వ లేని ఇల్లు ఉన్న ఇంటి గడప ముందుకు రావలసిన స్థితిలోనే తెలుగు పల్లెలో కరువు అసలు రూపం బయటపడింది. కాబట్టి పాతర చరిత్రను దాని యజమాని వైపు నుంచే కాక, దాని అంచున నిలబడినవారి వైపు నుంచి కూడా చదవాలన్నది ఇక్కడి ప్రతిపాదన.

మాటల సాక్ష్యం

'పాతర' అన్న మాటకు 'పాతు' క్రియతో ఉన్న సంబంధం స్పష్టం. నేలలో గొయ్యి తవ్వి ధాన్యాన్ని దాచే చోటు పాతర. గాదె నేల మీది నిల్వ. వెదురు తడికెతో అల్లి, మట్టీ పేడా కలిపి మెత్తిన గాదెలు, చెక్కతో చేసిన గాదెలు రెండూ వాడుకలో ఉన్నాయి. వరిగడ్డిని వెంటిగా పేని, ఆ వెంటిని వరుసలుగా చుట్టుకుంటూ మధ్యలో వడ్లు నింపుతూ లేపినది పురి. వెదురుతో అల్లిన పెద్ద నిల్వబుట్టకు తెలంగాణలో గుమ్మి అన్న పేరు వినిపిస్తుంది. గరిసె ధాన్యపు కొట్టుకూ పేరే, కొలతకూ పేరే. మద్రాసు కొలతల పట్టికలోకి అది గార్సుగా చేరి 400 మరకాళ్ల పరిమాణాన్ని సూచించింది. నిల్వ చేసే పాత్రే కొలమానంగా మారడం గమనించదగిన విషయం. ఇంటి సంపదను నాణేలలో కాక, నిండిన గరిసెలలోనూ పుట్లలోనూ చెప్పుకున్న సమాజపు జాడ ఇందులో ఉంది.

ఈ పదాల పరిధులు ప్రాంతాన్ని బట్టి మారతాయి. ఒకచోట గాదె అన్నదాన్ని మరోచోట గరిసె అంటారు. తూములు, కుంచాల పరిమాణం కూడా ఊరికొక తీరుగా ఉండేది. ఇరవై తూములు పుట్టి అన్న లెక్క నిలిచినా తూము పరిమాణం నిలవలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటి వ్యవసాయ పదాలను ప్రాంతాల వారీగా సేకరించడం వల్ల ఇటువంటి భేదాలను శాస్త్రీయంగా పరిశీలించే దారి ఏర్పడింది. ఈ పదజాలాన్ని భాషాశాస్త్రం మాండలిక భేదాల కోసం చదివింది. ఆపదకు సిద్ధపడిన తీరుకు ఆధారంగా చదివితే అదే పదజాలం చరిత్రకు ఉపకరిస్తుంది.

'పాతర' అర్థపరిణామం ఈ సందర్భంలో ముఖ్యమైనది. ధాన్యాన్ని పాతరవేయడం అంటే దాన్ని రేపటి కోసం భద్రపరచడం. నేటి పత్రికల భాషలో హామీలను పాతరవేయడం అంటే వాటిని మళ్లీ పైకి రాకుండా పూడ్చివేయడం. తిరిగి తీసే ఉద్దేశంతో దాచిన చోటు, తిరిగి తీయనిదాన్ని కప్పే చోటుగా మారింది. పాతర తవ్వే అలవాటు పోయాక ఆ మాటలో 'పాతు' మాత్రమే మిగిలి, 'తిరిగి తీయు' అన్న భాగం జారిపోయిందని చెప్పవచ్చు. 'దాచు' క్రియలో ఈ రెండు ముఖాలూ మొదటి నుంచీ ఉన్నాయి. దాచుకోవడం ముందుచూపు, దాచిపెట్టడం దాపరికం. ఒకే గొయ్యిని ఇంటివారు మొదటి మాటతోనూ, ఆకలితో ఉన్న పొరుగువారు రెండో మాటతోనూ చెప్పే అవకాశం భాషలోనే ఉంది.

పాతర పనితీరు

నిల్వ రూపాన్ని నేలా నీరూ నిర్ణయించాయి. నీరు ఊరని గట్టి నేలలో, జొన్న ప్రధానంగా తినే మెట్ట ప్రాంతాలలో పాతర నిలిచింది. భూగర్భజలం పైకి ఉండే డెల్టా వరి నేలలో గొయ్యి పనికిరాదు. అక్కడ పురి, గాదె వంటి నేలపై నిల్వలే సాధ్యం. ఎత్తైన చోట గొయ్యి తవ్వి, లోపల ఎండబెట్టి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, ధాన్యం నింపి, పైన మళ్లీ గడ్డి కప్పి, మట్టితో మూతి మూసేవారు. పైకి నేల మామూలుగా కనిపిస్తుంది. దోపిడీ దండుల కాలంలో కంటికి కనిపించని ఈ గుణం కూడా ఒక రక్షణే.

మూతి బిగించాక లోపల జరిగే మార్పును ఇప్పటి పరిభాషలో ఇలా వివరించవచ్చు. గింజలూ పురుగులూ శ్వాసించడం వల్ల లోపలి ప్రాణవాయువు తగ్గి బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. గాలి చాలక పురుగు చస్తుంది, గింజ మిగులుతుంది. ఈ కారణం వల్లే పాతర తెరవడం ప్రమాదకరమైన పని. మూత తీసిన వెంటనే దిగినవారు స్పృహ తప్పి చనిపోయే అవకాశముంది. అందుకే తెరిచిన తరువాత గాలి ఆడనిచ్చి, దీపం దింపి, అది ఆరకుండా వెలిగితేనే మనిషి దిగడం క్షేమం. ప్రాణం నిలిపే తిండిని చేరడానికి ప్రాణానికి తెగించి దిగవలసిన ఆ గోతిలోకి దిగే పని తరచు యజమానిది కాక, కూలివాడిదే అయివుంటుందని ఊహించడం కష్టం కాదు.

పాతరకు మరో పరిమితి ఉంది. అడుగునా అంచుల్లోనూ చెమ్మ తగిలి కొంత ధాన్యం ముక్కిపోతుంది. చాలాకాలం అలా ఉన్న గింజ తినడానికి పనికివచ్చినా మొలకెత్తే శక్తిని కోల్పోతుంది. కాబట్టి తిండిగింజ, విత్తనపుగింజ రెండూ ఒకేచోట ఉండవు. విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టల్లోనూ కుండల్లోనూ వేరుగా ఉంచేవారు. కందులకు ఎర్రమట్టి పూయడం, పప్పులకు ఆముదం రాయడం ఈ జాగ్రత్తలలోనివే. ఈ పనులు ఎక్కువగా స్త్రీల చేతుల్లో సాగాయి. ఇంటి ఆపత్కాలపు నిల్వలో రెండు అంచెలున్నాయని దీన్నిబట్టి తెలుస్తుంది. ఒకటి ఈ ఏడు బతకడానికి, మరొకటి వచ్చే ఏడు విత్తడానికి. విత్తనపు కుండలో చెయ్యి పెట్టిన రోజు ఇల్లు వచ్చే ఏటిని తినడం మొదలుపెట్టినట్టే.

నిల్వ పరిమాణాన్ని నేటి కొలతలలో అంచనా వేయవచ్చు. మనిషికి రోజుకు అర కిలో లెక్కన ఐదుగురున్న ఇంటికి ఏడాదికి 9 క్వింటాళ్లకు పైగా ధాన్యం కావాలి. ఒక పంట తప్పినా నిలవాలంటే ఆ ఏటి తిండికి తోడు అంతే ధాన్యం అదనంగా ఉండాలి. 'కరువులో అధికమాసం' అన్న సామెత బలం ఈ లెక్కలోనే ఉంది. పన్నెండు నెలలకు కొలిచి పెట్టుకున్న గింజలను పదమూడో నెలకు సాగదీయవలసిన ఇంటి బాధ అది. పంచాంగంలోని మాసం కుండలో గింజల లెక్కగా మారడం ఆ సామెతలోని చరిత్ర.

కావ్యాల్లో కనిపించే ఇల్లు

ఇంటి నిల్వకు కావ్యసాక్ష్యాలలో శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని విష్ణుచిత్తుని ఆతిథ్య వర్ణన ప్రసిద్ధం. జడివాన పట్టిన రోజుల్లో ఆ ఇంట పొగ రాకుండా కొబ్బరిచిప్పలు మండించి వంట చేయడం, అన్నంతో పాటు పొట్టు తీసిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి వడ్డించడం అందులో ఉన్నాయి. దీన్ని ఇప్పటివరకు ఎక్కువగా ఋతువర్ణనగానూ భోజనవర్ణనగానూ చదివారు. నిల్వ దృష్టితో చదివితే ఇది వానాకాలానికి సిద్ధమైన ఇంటి జాబితా. వడియాలు, వరుగులు ఎండాకాలపు పని. కొబ్బరిచిప్పలు తడవకుండా పోగుచేసి పెట్టిన వంటచెరకు. ఎండలో చేసిన శ్రమ వానలో పళ్లెంలోకి వచ్చింది. ఆకాశం మూసుకుపోయిన రోజున ఆ ఇంట ఏ లోటూ లేకపోవడానికి కారణం భక్తి మాత్రమే కాదు, ముందుగా నింపిన అటకలూ జాడీలూ కూడా.

తరువాతి కాలపు కావ్యాలలో అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతి ధాన్యాలు, పనిముట్లు, గృహోపకరణాల జాబితాలకు పేరుపొందింది. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఇటువంటి కావ్యాలను సాంఘిక చరిత్రకు ఆధారాలుగా వినియోగించి పరిశోధనకు కొత్త దారి వేశారు. ఆ దారిలో నడిచేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కావ్యం వర్ణించిన ఇల్లు నిండిన ఇల్లు. విష్ణుచిత్తుని తలుపు తెరిచే ఉంటుంది, కానీ అది అతిథులకు తెరిచిన తలుపు. అతిథికి పెట్టడం ధర్మం. పొలంలో పనిచేసినవారికి కరువులో పెట్టడం ఎవరి ధర్మమన్న ప్రశ్న ఆ వర్ణనకు బయట ఉంది. నిల్వ లేని ఇంటి జాబితా కావ్యంలో దొరకదు. ఆ ఖాళీని పూరించడానికి కళ్లం దగ్గరికి, కరువు రికార్డుల దగ్గరికి వెళ్లాలి.

కళ్లం నుంచి కరువు వరకు

పల్లెలో భూమి లేని ఇంటికి ధాన్యం కళ్లం దగ్గర చేరేది. పాలేరుకు జీతం గింజల్లో, కోతకూలికి కూలి గింజల్లో, వృత్తులవారికి మేరలు గింజల్లో దక్కేవి. ఈ ఇళ్లకు కుండలున్నాయి గాని పాతరలు లేవు. కోతల నుంచి కొన్ని నెలలు కుండ నిండుగా ఉంటుంది. ఆ తరువాత అప్పు. ధాన్యం అప్పుగా తెచ్చుకుని, పంట రోజుల్లో పైన ధాన్యమే వడ్డీగా కలిపి తీర్చే పద్ధతిని తెలంగాణలో నాగు అన్నారు. ఆ ధాన్యం వచ్చేది పెద్ద ఇంటి గాదె నుంచి. పెద్ద ఇంటికి ఆపత్కాలపు రక్షణగా మొదలైన నిల్వ, చిన్న ఇంటిని ఏటా కట్టిపడేసే అప్పుగా మారడానికి ఇదే మార్గం.

పంట తప్పిన ఏడు ఈ వ్యవస్థ రెండు వైపులా ఒకేసారి తెగుతుంది. కోత లేదు కాబట్టి కూలి లేదు, కళ్లం లేదు కాబట్టి మేర లేదు. వచ్చే పంట మీద నమ్మకం లేదు కాబట్టి నాగు కూడా పుట్టదు. ఊళ్లో ధాన్యం ఉండగానే ఊళ్లో కొన్ని ఇళ్లకు తిండి ఉండదు. అమర్త్య సేన్ 1981లో ప్రచురించిన పేదరికం, కరువుల అధ్యయనంలో ఆహారం లేకపోవడం వేరు, ఉన్న ఆహారం మీద హక్కు లేకపోవడం వేరు అని వాదించారు. పాతర అంచు సరిగ్గా ఈ భేదం కనిపించే చోటు.

నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, గుంటూరు ప్రాంతాన్ని తాకిన కరువు డొక్కల కరువుగా జనం నోట మిగిలింది. సుమారు 5 లక్షల జనాభాలో లక్షన్నర నుంచి 2 లక్షల మంది మరణించారని అంచనాలు చెబుతాయి. అప్పటికి ఆనకట్టలు లేవు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లోనూ, బెజవాడ ఆనకట్ట పని 1852లోనూ మొదలయ్యాయి. రైలు లేదు. బయటి ధాన్యం బళ్ల మీదా ఓడల మీదా రావాలి, కరువులో బండి లాగే ఎద్దుకూ మేత లేదు. అటువంటి ఏట ఇంటి నిల్వే తొలి రక్షణ, చాలా ఇళ్లకు అదే చివరి రక్షణ కూడా. కరువుకు ప్రజలు ఏడు పేరుతో పాటు ఎండిన డొక్క పేరు పెట్టారు. ఏడు పేరు పంచాంగానిది, డొక్క పేరు దేహానిది.

ధాత నామ సంవత్సరపు కరువు, అంటే 1876-78 నాటిది, వేరే పరిస్థితుల్లో వచ్చింది. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు వరకు రైలుమార్గం 1871 నాటికే పూర్తయింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. నేటి అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్లారి జిల్లాలో భాగం. రైలు ధాన్యాన్ని తేగలదు, తీసుకుపోగలదు కూడా. ఎక్కడ ధర ఎక్కువైతే అక్కడికి గింజ కదిలింది. రైలూ ఎగుమతి వ్యాపారమూ వచ్చాక ధాన్యాన్ని ఏళ్ల తరబడి దాచే అలవాటు సడలిందని వాదించిన చరిత్రకారులున్నారు. ఆ వాదన ప్రకారం పాతరలోని గింజ రేపటి తిండిగా ఉన్న స్థితి నుంచి నేటి ధరగా మారింది.

ప్రభుత్వ సహాయం ఆ లోటును ఎంత పూడ్చిందన్నదానికి కూలి లెక్కే సాక్ష్యం. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ సిఫారసు మీద కరువు పనుల్లోని మగవారికి రోజుకు ఒక పౌను ధాన్యం విలువ, దానిపై కొద్దిపాటి డబ్బు మాత్రమే కూలిగా నిర్ణయించారు. పౌను అంటే 450 గ్రాములకు కొంచెం ఎక్కువ. రాళ్లు కొట్టే మనిషికి ఇది చాలదని మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ కార్నిష్ తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. ఇంటి దగ్గర ఉన్న మనిషి తినే తిండి కంటే తక్కువకు ఎండలో బరువు మోయించిన లెక్క ఇది. ఆ తరువాత 1880 నాటి కరువు కమిషన్ నివేదిక, దాన్ని అనుసరించిన కరువు నియమావళి వచ్చాయి. కరువును ఇంటి భారంగా కాక ప్రభుత్వ బాధ్యతగా చూడడం, చాలీచాలని రీతిలోనైనా, అక్కడి నుంచి మొదలైంది.

ఉమ్మడి గాదె వైపు

ఇరవయ్యో శతాబ్దంలో నిల్వ మీద హక్కు బహిరంగ రాజకీయ ప్రశ్న అయింది. 1940లలో నైజాం ప్రభుత్వం రైతుల నుంచి లెవీ గల్లా వసూలు చేసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో దేశ్‌ముఖుల గడీల్లోని ధాన్యాన్ని జనం స్వాధీనం చేసుకుని పంచుకున్న సంఘటనలు ఆ పోరాట చరిత్రలో భాగం. అక్కడ దాచిన గింజ అన్న మాటకు ముందుచూపు అర్థం పూర్తిగా పోయి, దాపరికం అర్థమే నిలిచింది. 1950ల తొలి ఏళ్లలో రాయలసీమ కరువు గంజి కేంద్రాల రూపంలో జనం జ్ఞాపకంలో మిగిలింది. విద్వాన్ విశ్వం పెన్నేటి పాట ఆ సీమ కరువు బతుకును కావ్యవస్తువుగా చేసింది. నిండిన ఇంటిని వర్ణించిన ప్రబంధానికి ఎదురుగా, ఖాళీ కుండ ఉన్న ఇల్లు తెలుగు కావ్యంలోకి నాయకస్థానంలో వచ్చిన సందర్భంగా దీన్ని గుర్తించాలి.

అన్ని ఆపదలకూ ఇంటి నిల్వ జవాబు కాదని కోస్తా చరిత్ర చెబుతుంది. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. ఈ రెండో విపత్తులో పది వేలకు మించి ప్రాణాలు పోయాయి. కరువు నెలల తరబడి వస్తుంది, ఉప్పెన గంటల్లో వస్తుంది. గాదెతో పాటు ఇల్లే కొట్టుకుపోయే చోట కావలసింది ఊరందరూ ఎక్కి నిలబడగల గట్టి కట్టడం. దివిసీమ తరువాత తీరం వెంట తుఫాను షెల్టర్లు పెరగడం ఈ గుర్తింపు ఫలితమే. రక్షణ స్థానం ఇంటి నుంచి ఊరికి మారింది.

ధాన్యం విషయంలోనూ అదే దిశ కనిపిస్తుంది. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో 2 రూపాయల బియ్యం పథకం వచ్చింది. పాతర లేని ఇంటికి చౌకదుకాణమే పాతర అయింది. అయితే ఆ గాదెలో ఉన్నది ప్రధానంగా బియ్యం. జొన్న, సజ్జ, కొర్ర తిన్న మెట్ట ప్రాంతాల నిల్వ పరిజ్ఞానానికి అందులో చోటు దక్కలేదు. ఈ లోటుకు జహీరాబాదు ప్రాంతంలో ఒక సమాధానం పుట్టింది. 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన గ్రామీణ మహిళా సంఘాలు, ప్రధానంగా దళిత స్త్రీలవి, 1990లలో బీడు భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలో కొంత భాగాన్ని ఊరి ఉమ్మడి నిల్వకు చేర్చి, పనుల్లేని నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు అందించాయి. ఏ ఇల్లు పేదదో ఊరివారే నిర్ణయించారు. వేపాకు, బూడిద, బుట్ట పాతవే. మారినది ఒక్కటే, నిల్వ తాళం ఎవరి దగ్గర ఉందన్నది. తరతరాలుగా ఇతరుల పాతరలు నింపిన చేతులే తమ నిల్వను తామే కొలిచాయి.

ముగింపు

ఈ పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, నిల్వ పదజాలం కేవలం వ్యవసాయ పదజాలం కాదు. అది ఆపదను ముందుగా ఊహించిన సమాజపు ఆలోచనకు రికార్డు. రెండోది, ప్రబంధాల భోజనవర్ణనలు నిల్వ చరిత్రకు విలువైన ఆధారాలే గాని, అవి నిండిన ఇంటి సాక్ష్యాలు. వాటిని కళ్లం, నాగు, కరువు కూలి లెక్కల పక్కన పెట్టి చదవాలి. మూడోది, ఇంటి నిల్వ మిగులు ఉన్నప్పుడే సాధ్యం. మిగులు లేని ఇంటికి ముందుచూపు నేర్పడం వల్ల గాదె నిండదు.

ఈ మూడో విషయం గతానికే పరిమితం కాదు. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు నెల సరుకులు తెచ్చుకోగలిగిన ఇళ్లు తలుపులు మూసుకుని నిలిచాయి. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే వలసకూలీలు రోజుల వ్యవధిలోనే రోడ్ల మీద నడుస్తూ కనిపించారు. ఆ ఏడు ప్రభుత్వ గోదాముల్లో ధాన్యానికి కొరత లేదు. నందన, ధాత కరువుల్లో పాతర అంచున తలెత్తిన ప్రశ్నే అక్కడా తలెత్తింది. ఎన్ని గింజలున్నాయన్నది ఆ ప్రశ్నలో సగమే. వాటి మూత ఎవరి మాట మీద, ఎవరి కోసం, ఏ రోజున తెరుచుకుంటుందన్నది మిగతా సగం. తెలుగు కరువు సాహిత్యాన్నీ నిల్వ పదజాలాన్నీ ఈ రెండో సగం కోసం చదవడం ముందున్న పని.